తడి నూలు పక్కన ఎర్ర టిక్కు

జగిత్యాలలో నా పదవీ విరమణ సభ జరిగినప్పుడు మాట్లాడినవాళ్లంతా నా ప్రయోగాల గురించే చెప్పారు. నూలు కోన్లతో గరాటులు చేయించిన సారు, ఖాళీ నూలు కండెలకు రాగి తీగ చుట్టి మోటారు తిప్పిన సారు, సర్కారు బడిలో పైసా అడగకుండా సైన్సు చెప్పిన సారు అన్నారు. శాలువాలు కప్పారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లకు తెలియని సంగతి మాత్రం ఒకటుంది. అది మా ఇంటి బీరువాలో ఒక ఆరో తరగతి పిల్ల నోట్‌బుక్కులో ఉంది. ఆ పిల్ల పేరు స్రవంతి. ఆ తరగతి మధ్యలోనే ఆమె బడి మానేసింది, దానికి కారణం నేను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఆరు నుంచి ఎనిమిది దాకా సైన్సు ఎట్లా చెబితే పిల్లలు ఇష్టంగా వింటారో రాసివ్వమన్నారు. రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, రిజిస్టర్లు ఇందులో ఉండవు. అవి మీకు ఆఫీసులో ఎట్లాగూ నేర్పుతారు. పిల్లల్ని నవ్వించే ప్రయోగాల జాబితా కావాలంటే అదీ ఇందులో దొరకదు, అటువంటివి ఇప్పుడు ఫోనులోనే బోలెడు దొరుకుతున్నాయి. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

బుగ్గారం

నా మొదటి పోస్టింగు బుగ్గారం. అక్కడి హెడ్‌మాస్టర్ నర్సయ్య సారు కూడా సైన్సు మనిషే. పొద్దున నేను సామాను పట్టుకుని తరగతికి పోతుంటే వరండాలో ఆపి ఒకటే ప్రశ్న అడిగేవాడు: "ఇంట్ల చేసి చూసినవా?"

చూశాను అని చెప్పేవాణ్ణి. చాలాసార్లు చూసేవాణ్ణి కాదు. పుస్తకంలో బొమ్మతో సహా ఉన్నదాన్ని ఇంట్లో మళ్లీ చేయడం ఎందుకని నా అహంకారం. కొత్తగా వచ్చినప్పుడు అందరికీ ఉండేదే, మీకు కూడా ఉంటుంది.

ఒకరోజు పళ్లెంలో నీళ్లు పోసి, కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించాను. కొవ్వొత్తి ఆరిపోయింది, నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కదా, అది ఖర్చయింది, ఆ జాగలోకి నీళ్లు వచ్చాయి అని ధీమాగా చెప్పాను. అప్పట్లో అందరం అట్లాగే చెప్పేవాళ్లం. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, మూడు కొవ్వొత్తులు పెడితే ఎట్లుంటది సార్ అంది. అంతే ఉంటుంది అన్నాను. చేసి చూపించమంది. చేశాను. నీళ్లు ముందుకంటే చాలా పైకి ఎక్కాయి. ఆక్సిజన్ అంతే ఉంది, గ్లాసు అదే, నీళ్లు మాత్రం ఎక్కువ వచ్చాయి. పిల్లను కూర్చోమని కసిరాను.

నర్సయ్య సారు కిటికీలోంచి చూశాడని నాకు తెలియదు. మధ్యాహ్నం అన్నాల గంట అయ్యాక పిలిచి, వేడికి వ్యాకోచించిన గాలి బుడగలుగా బయటికి పోవడం, మిగిలింది చల్లారి కుంచించుకోవడం అన్నీ ఓపికగా చెప్పాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"పుస్తకంల ఉన్నది పుస్తకం రాసినోని ఇంట్ల అయింది. నీ ఇంట్ల అయితదా చూసుకో. పిల్లల ఇంట్ల ఏమైతదో గది ఇంకా ముఖ్యం. తెల్వకపోతె తెల్వదను. తెల్వదంటె నౌకరి పోదు."

ఆయన ఉన్నన్నాళ్లు ప్రతి ప్రయోగం ముందు రోజు సాయంత్రం మా వంటింట్లో చేశాను. మా ఆవిడ గ్లాసులు పగలగొడుతున్నానని విసుక్కునేది. నా ఉద్యోగంలో నిజాయితీగా పని చేసిన కాలం ఏదంటే అదే అని చెబుతాను.

కోరుట్ల

కోరుట్లలో ఇంకో హెడ్‌మాస్టరు. ఆయన పేరు రాయను, బతికే ఉన్నాడు. ప్రయోగశాల బీరువాకు తాళం వేసి, తాళంచెవిని జందెంలా మెడలో వేసుకునేవాడు. పరీక్ష నాళిక పగిలితే ఎవరు జవాబు చెప్పాలి అనేది ఆయన భయం. మూడేళ్లలో ఆ బీరువా తెరవడం నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అధికారులు వచ్చినప్పుడే.

ఆ మనిషి పిరికితనం నాకు ఒక రకంగా మేలు చేసింది. బీరువా లేదు కాబట్టి పిల్లల ఇళ్లలో ఏముందో అడగడం మొదలుపెట్టాను. అక్కడ తల్లులు బీడీలు చేస్తారు. ఆకు కత్తిరించే రేకును తెప్పించి దానితోనే వైశాల్యం కొలిపించాను. చాలామంది తండ్రులు దుబాయిలో, మస్కట్‌లో ఉండేవాళ్లు. సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన భూతద్దాలు, టార్చిలు, అయస్కాంతం మూత పెట్టెలు అన్నీ తరగతికి వచ్చేవి. ఆస్పత్రి నుంచి తెచ్చిన ఖాళీ సెలైన్ సీసాకు రెండు బుడగలు కట్టి ఊపిరితిత్తులు చేశాం. సైన్సు ఫెయిర్లలో ఏటేటా పేలే వంట సోడా అగ్నిపర్వతం కంటే ఇది వంద రెట్లు నయం. ఆ అగ్నిపర్వతం చూసి ఒక్క పిల్ల అయినా ఏదైనా నేర్చుకుందేమో నాకైతే తెలియదు, ఎర్ర రంగు చొక్కాల మీద పడితే పోదని తప్ప.

నలుగురేసి గుంపులు కట్టడం, ప్రయోగానికి ముందే ఏమవుతుందో అంచనా రాయించడం, తర్వాత చేసి చూడడం అక్కడే అలవాటు చేశాను. అంచనా రాసిన పిల్లకు ఫలితం మీద పట్టుదల ఉంటుంది. ఇది మాత్రం మీరు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పేరు వచ్చింది. అధికారులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. శిక్షణ తరగతుల్లో నన్ను నిలబెట్టి చూపించమన్నారు. చప్పట్లు మొదలయ్యాక నేను ఇంట్లో ముందు చేసి చూడడం మానేశాను. ఇన్నేళ్ల అనుభవం, ఏమవుతుందో నాకు తెలియదా అనుకున్నాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో బడికి పోతుంటే సాంచెల చప్పుడు వినపడని సందు ఉండదు. సాంచెలంటే మరమగ్గాలు. మా తరగతిలో సగానికి పైగా పిల్లలు ఆ ఇళ్ల నుంచే వచ్చేవాళ్లు. బడి వదిలాక కండెలు చుట్టేవాళ్లు, పొద్దున చొక్కాల మీద నూలు పొట్టుతో వచ్చేవాళ్లు. ఈ ఊరు నాకోసమే ఉందనుకున్నాను. గరాటుకు కోను, చక్రానికి కండె, లోలకానికి దారం. పిల్లలు తమ ఇంటి సామాను బల్ల మీద చూసి మురిసిపోయేవాళ్లు.

ఆరో తరగతిలో విద్యుత్ వలయాల పాఠం ఉంటుంది. టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగలు. తీగల కొసల మధ్య వస్తువును పెట్టాలి. బల్బు వెలిగితే అది విద్యుత్తును పోనిచ్చే వాహకం, వెలగకపోతే పోనివ్వని బంధకం. పుస్తకంలో తాళంచెవి, రబ్బరు, అగ్గిపుల్ల ఉన్నాయి. నేను వాటికి సాంచెల సామాను కలిపాను. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె కొసకు ఉండే ఇనుప ముక్కు వెలిగించింది. చెక్క కండె వెలిగించలేదు. పొడి నూలు వెలిగించలేదు.

అవి వానాకాలం రోజులు. స్రవంతి సంచి తడిసి, ఆమె తెచ్చిన నూలు కూడా తడిసింది. ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉండేది. ఊరికే మాట్లాడేది కాదు, లేచిందంటే పనికొచ్చే ప్రశ్నే అడిగేది.

"సార్, తడిసిన నూలు కూడ గట్లనే ఉంటదా?"

మంచి ప్రశ్న అన్నాను. చేసి చూడమన్నాను. బల్బు వెలగలేదు. వేలితో నొక్కి మళ్లీ చూసింది, వెలగలేదు. అయితే ఏమిటి అని తరగతి మొత్తాన్ని అడిగాను. బంధకం అని అందరూ ఒకేసారి అన్నారు. నేను కూడా వాళ్లతోపాటే అన్నాను. ఆమె నోట్‌బుక్కు తీసుకుని పట్టిక చూశాను. "తడి నూలు - బల్బు వెలగలేదు - బంధకం" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, పెద్దగా మెచ్చుకున్నాను.

ఇందులో తప్పేమిటో మీకు తెలిసే ఉంటుంది. టార్చి సెల్లుకు బలం తక్కువ. దాని బల్బు వెలగాలంటే కరెంటు బాగా పోవాలి. తడి నూలులోంచి కొంచెమే పోతుంది, ఆ కొంచెం బల్బుకు సరిపోదు. ఇంట్లో కరెంటు అట్లా కాదు, మనిషిని చంపడానికి ఆ కొంచెం చాలు. తడి వస్తువుల సంగతి ఎనిమిదో తరగతిలో వేరే పాఠంగా వస్తుంది. ఆరులో చెప్పిన సగం మాటకు మిగతా సగం రెండేళ్ల తర్వాత కలుస్తుంది. ఆ రెండేళ్లు పిల్లలు సాంచెల కార్ఖానాల్లోనే తిరుగుతుంటారు. ఇదంతా ఆ రోజు నాకు తెలుసు. తెలిసినదాన్ని ఆ పట్టిక పక్కన పెట్టి చూడలేదు, అంతే.

వారం తిరక్కుండానే స్రవంతి వాళ్ల అమ్మ కరెంటు షాకుతో చనిపోయింది.

మరునాడు టీచర్లమంతా వెళ్లాం. ఇంటి వెనకే రేకుల కార్ఖానా. వాన నీళ్లు కారి నేల చిత్తడిగా ఉంది. ఒక సాంచకు పోయే తీగ అతుకు ఊడి ఇనుప చట్రం మీద పడిందట. అక్కడి ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. వానాకాలంలో సాంచ ముట్టుకుంటే చురుక్కుమనడం మామూలే. తీగ జారితే ఎండు కట్టెతో పక్కకు తోసి పని చేసుకుంటారు. మెయిన్ ఆపితే పక్కవాళ్ల సాంచెలు కూడా ఆగిపోతాయని ఎవరూ ఆపరు. ఆమె కూడా ఎప్పుడూ కట్టెతోనే తోసేదని వాళ్లాయన రాజేశం ఏడుస్తూ చెప్పాడు. నిన్న మాత్రం చేతికి వేస్టు నూలు చుట్టుకుని పట్టుకుందట, అది వానకు తడిసి ఉందట. ఎందుకట్లా చేసిందో అర్థం కావడం లేదన్నాడు.

"ఇరువై ఏండ్లు సాంచెల నడుమ బతికింది సార్. దానికి తెల్వదా?"

గోడకు ఆనుకుని కూర్చున్న స్రవంతి వైపు చూశాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. షాకు కొట్టినప్పుడు కార్ఖానాలో తల్లితో ఉన్నది ఆమె ఒక్కతేనట.

దిద్దడానికి తెచ్చిన నోట్‌బుక్కులు నా బల్ల మీదే ఉన్నాయి. బడికి తిరిగి వచ్చి ఆమెది తీశాను. టిక్కు అట్లాగే ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో, చాలా ఏళ్ల తర్వాత, ప్రయోగం చేశాను. రేడియోకు వేసే తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న ఎల్‌ఈడీ, గంజి నీళ్లలో తడిపిన నూలు ముక్క. కళ్లు దగ్గర పెట్టి చూస్తే ఎల్‌ఈడీ మిణుకుమంటున్నది. పది నిమిషాల పని. వారం ముందు చేసి ఉంటే సరిపోయేది.

నోరు మూసుకున్న సంగతి

ఇక్కడ మీరు నన్ను అసహ్యించుకోవాలి. నేను ఎవరికీ చెప్పలేదు. నా ఊహ తప్పు కావచ్చు, తల్లే తొందరలో అట్లా పట్టుకుని ఉండొచ్చు అని సర్ది చెప్పుకున్నాను. నోట్‌బుక్కు తిరిగి ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. పెట్టానని రాయడం కూడా మర్యాదకే, దాచాను.

దినాలు అయ్యాక కూడా స్రవంతి బడికి రాలేదు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రాజేశం మంచి మనిషి. పంపడానికి తనకేం అభ్యంతరం లేదని, పిల్లే మొండికేసిందని, ఎంత అడిగినా చెప్పడం లేదని అన్నాడు. పిల్లను పిలిచాడు. ఎందుకు రావడం లేదమ్మా అని అడిగాను. ఇంట్ల పనుంది సార్ అని నేల చూస్తూ చెప్పింది. నాకు కారణం తెలుసు. తండ్రి అక్కడే ఉన్నాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. చదువు మానొద్దు, తెలివైనదానివి అని నాలుగు మంచి మాటలు చెప్పి లేచి వచ్చాను. మూడోసారి వెళ్లలేదు.

కొన్నాళ్లకు కోనరావుపేటకు బదిలీ అయింది. బదిలీ కాగితం చూసి నాకు ఊపిరి ఆడింది. సిగ్గుపడుతూ రాస్తున్న వాక్యం ఇది.

ఆ పాఠం ఎట్లా చెప్పాలంటే

కోనరావుపేటలో అన్నీ వ్యవసాయ మోటార్లు. ఆ పాఠం వచ్చినప్పుడు తరగతిలోకి సామాను తీసుకుపోకుండా ముందు ఒక ప్రశ్న పట్టుకుపోయాను: స్టార్టరు డబ్బా షాకు కొడితే మీ ఇంట్లో ఏం చేస్తారు? పిల్లలు గంటసేపు చెప్పారు. కొన్ని సరైనవి, కొన్ని ప్రాణం తీసేవి. అన్నీ బోర్డు మీద రాశాను. ఆ తర్వాతే సెల్లు, బల్బు బయటికి తీశాను.

మీరూ అట్లాగే చేయండి. పట్టికలో "బల్బు వెలగలేదు" దగ్గర ఆపండి, బంధకం అనే గడిని ఖాళీగా ఉంచండి. అదే రోజు, ఎనిమిదో తరగతి దాకా ఆగకుండా, తడి దారంతో ఎల్‌ఈడీ మిణుకుమనడం చూపించండి. ఒకే వస్తువు ఒకచోట పోనివ్వనట్టు, ఇంకోచోట పోనిచ్చినట్టు కనిపిస్తే పిల్లలు గందరగోళపడతారని పై అధికారులు అంటారు. పడనివ్వండి. గోడలోంచి వచ్చే కరెంటుతో ప్రయోగం ఎప్పుడూ వద్దని, మెయిన్ ఆపకుండా తీగ జోలికి పోవద్దని ప్రతి ఏడూ చెప్పండి. విసుగొచ్చేదాకా చెప్పండి.

ఇంకొకటి. పిల్లల ఇంటి వస్తువును తరగతికి తెచ్చినప్పుడు, ఆ ఇంట్లో దాన్ని ఎట్లా వాడతారో, దేనికి భయపడతారో కూడా అడిగి తెలుసుకోండి. నేను నూలు తెప్పించుకున్నాను గానీ, ఆ నూలు మధ్య బతికే ఆడవాళ్లను ఒక్క మాట అడగలేదు. స్రవంతి వాళ్ల అమ్మకు తెలిసిందే సరైనది, కట్టె. బడి దాన్ని చెరిపేసింది.

మొన్న సిరిసిల్లలో

రిటైరయ్యాక శాలువాలు మడతపెట్టి బీరువాలో పెట్టబోతే నోట్‌బుక్కు చేతికి తగిలింది. ఆ ఆదివారమే సిరిసిల్ల బస్సు ఎక్కాను.

స్రవంతికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. బట్టలు కుట్టే యూనిట్లో పని చేస్తుందట. కార్ఖానా జాగలో ఇప్పుడు గోడ పక్కన తుప్పు పట్టిన చట్రం ఒకటే ఉంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. రాజేశం బజారుకు వెళ్లాడని, చాయ్ పెడతానని అంది. వద్దని చెప్పి నోట్‌బుక్కు ఆమె చేతికి ఇచ్చాను. ఆ పేజీ తీయమన్నాను. నువ్వు అడిగిన ప్రశ్న సరైనది, నేను చెప్పిన జవాబు తప్పు, ఈ టిక్కు తప్పు అని చెప్పాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి, అవేవీ రాలేదు.

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"అమ్మ కట్టె తెస్తనన్నది సార్. నేనే ఆపిన. నూలుతోని పట్టుకుంటె ఏం గాదమ్మా, తడిదైనా కరెంటు రాదు, మా సార్ టిక్కు పెట్టిండు అన్న. నవ్వుకుంట చుట్టుకున్నది. బిడ్డ సదువుకుంటుంది గదా అన్నది."

ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. నీ తప్పేం లేదమ్మా అన్నాను. ఎవరికీ చెప్పలేదా అని అడిగాను. లేదని తల ఊపింది. బాపుకు కూడా తెలియదంది, తెలిస్తే తనను చూడడేమోనని భయమంది. ఆ పుస్తకం పోయిందనే ఇన్నేళ్లు అనుకుందట. తనే ఏదో తప్పుగా రాసుకుని, తప్పుగా చెప్పి ఉంటుందని అనుకుందట.

రాజేశం వచ్చేదాకా ఆగమంది. ఆయనకు కూడా నన్నే చెప్పమంది. ఆయన సంచి కింద పెట్టి కూర్చున్నాక మొదటి నుంచి చెప్పాను. నేను ఆపాక ఆయన లేచి వెళ్లి కూతురి పక్కన కింద కూర్చుని, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నా వైపు చూడలేదు. చూడమని అడిగే మొహం నాకు లేదు.

లేచాను. గేటు దాకా స్రవంతి వచ్చింది. నోట్‌బుక్కు ఆమె చేతిలోనే ఉంది.

"మీకు ఎప్పుడు తెల్సింది సార్?"

మరునాడే తెలిసిందమ్మా అన్నాను. ఆమె గొంతులో కోపం లేదు.

"గా దినమే చెప్తె, నేను బడికి వస్తుంటి సార్," అని గేటు వేసుకుంది.